బాలవ్వ కత్తి, నీలకంఠం విద్దె

ఆ ఆదివారం మధ్యాహ్నం కరీంనగర్ మంకమ్మతోటలో, షట్టరు సగం దించిన ఒక ఫ్లెక్సీ ప్రింటింగ్ షాపులో, నలుగురు మనుషులు బల్ల చుట్టూ కూర్చుని లేని కోటను ముట్టడిస్తున్నారు.

కోటను గీసింది హెప్సిబా. ఆ షాపులో డిజైనర్ ఆమే. పుట్టినరోజులకూ గృహప్రవేశాలకూ నాయకుల స్వాగతాలకూ వారమంతా ముఖాలు కత్తిరించి అతికించి, ఆదివారం వచ్చేసరికి మిగిలిపోయిన ఫ్లెక్సీ ముక్కను తిరగేసి దాని మీద తనకు నచ్చిన లోకాన్ని గీసుకునేది. ఓనరు మంచివాడు, తాళంచెవి ఆమె దగ్గరే ఉంచేవాడు. ఈ వారం ఆమె గీసింది ఒక అగడ్త, దాని మీద రాతి వంతెన. వంతెన నడుమ ఒక నల్ల సీసామూత పెట్టింది. ఆ మూత కోట సైన్యాన్ని నడిపే దళవాయి.

ఆట చెప్పడానికి సులువే. కథ నడిపేది హెప్సిబా. మిగతా ముగ్గురూ ఆ కథలో తలా ఒక మనిషిని పెంచుకుంటున్నారు. తమ మనిషి ఏం చేస్తాడో నోటితో చెబుతారు. అది అయిందో లేదో పాచికలు తేలుస్తాయి. భవ్యశ్రీ ఏఆర్ కానిస్టేబుల్, ఎప్పుడూ ఏదో ఒక బందోబస్తులో ఉంటుంది. ఆమె మనిషి కత్తిపట్టిన ఆడది, పేరు బాలవ్వ. చనిపోయిన నానమ్మ పేరే పెట్టుకుంది. సాయిచంద్ సిరిసిల్ల నుంచి వచ్చి రూములో ఉంటూ గ్రూప్స్‌కు చదువుతున్నాడు. అతని మనిషి విద్యలు నేర్చిన నీలకంఠం. మందుల కంపెనీ రెప్రజెంటేటివ్ ప్రణయ్ ఆడేది తాళాలు తెరిచే దొంగను, పేరు హనుమండ్లు. ప్రణయ్‌కు ఆట కన్నా నడుమ వచ్చే మిర్చి బజ్జీల మీద ధ్యాస ఎక్కువ.

దళవాయి బాలవ్వ ఊరిని తగలబెట్టినవాడు. ఎండాకాలం నుంచీ భవ్యశ్రీ వాడి కోసం కాచుకుని ఉంది. సీసామూత కనిపించగానే కుర్చీలో ముందుకు జరిగింది.

"నేనొక్కదాన్నే వంతెన మీదికి పోతున్న. కత్తి దూసిన. 'ఒరే, నా ఊరికి నిప్పు వెట్టింది నువ్వే గద, రా' అని పిలుస్తున్న."

పాచికలు పిడికిట్లోకి తీసుకుని ఊదింది కూడా. అప్పుడు సాయిచంద్ అన్నాడు, "ఆగక్కా, గింత తక్లీఫ్ ఎందుకు? నేను వంతెనను బురద చేస్తున్న."

హెప్సిబా ఆట నియమాల పుస్తకం తిరగేసింది. చేయవచ్చు. నీలకంఠం ఇప్పుడు ఎక్కిన మెట్టుకు రాతిని బురద చేసే విద్య ఉంది, దానికి పాచిక కూడా అక్కర్లేదు. దళవాయి, వాడి వెనక ఉన్న పటాలం, వంతెన, అంతా అగడ్తలో కలిసిపోయింది. ప్రణయ్ ఈల వేశాడు. హెప్సిబా నల్ల మూతను తీసి డబ్బాలో వేసింది.

"మరి బాలవ్వ ఏం చేస్తుంది?" అని అడిగింది, అడగాలి కాబట్టి.

భవ్యశ్రీ పిడికిలి విప్పి పాచికలను బల్ల మీద మెల్లగా పెట్టింది. వేయలేదు, పెట్టింది.

"ఏం జేస్తది? గేటు కాడ నిలబడ్తది. లోపలికి ఎవ్వలు పోకుంట చూస్తది." కొంచెం నవ్వింది. "మొన్న వేములవాడ గుడి కాడ నిలబడి వచ్చిన. రేపు కలెక్టరేట్ కాడ నిలబడాలె. ఈడ గూడ నాకు బందోబస్తేనా అక్కా?"

ప్రణయ్ పకపకా నవ్వాడు. సాయిచంద్ తల వంచుకుని తన కాగితంలో ఏదో రాసుకున్నాడు. హెప్సిబాకు మాత్రం ఆ మాట దిగబడ్డ ముల్లులా లోపలే ఉండిపోయింది.

ఆట మొదలైన రోజుల్లో ఇలా లేదు. అప్పట్లో నీలకంఠం అంటే ఊదితే పోయే ప్రాణం. రోజుకు ఒక్క విద్య, అదీ చేతిలో దీపం వెలిగించుకోవడం. తోడేలు కరిస్తే పడిపోయేవాడు, మెట్ల మీంచి జారితే పడిపోయేవాడు. ఎక్కడ ఏ చప్పుడైనా సాయిచంద్ "అక్కా!" అని అరిచేవాడు. భవ్యశ్రీ "వస్తున్న తమ్మీ, నా ఎనుక ఉండు" అనేది, బాలవ్వను తెచ్చి అడ్డంగా నిలబెట్టేది. ఒకసారి ఇద్దరూ గాయపడ్డప్పుడు బాలవ్వ తన దగ్గరున్న ఒకే ఒక్క మందుసీసాను నీలకంఠం నోట్లో పోసి తాను కుంటుకుంటూ ఊరు చేరింది. ఆ రోజు ఆట అయ్యాక కూడా వాళ్లు ఇళ్లకు పోలేదు. గీతాభవన్ చౌరస్తా దాకా నడిచి, చాయ్ తాగి, జరిగినదంతా మళ్లీ మొదటి నుంచి చెప్పుకున్నారు. సాయిచంద్ చాయ్ గ్లాసు పైకెత్తి "బాలవ్వ లేకుంటే నేను లేను" అన్నాడు. తమాషాకే అన్నా, అతని కళ్లు నిజంగానే చెమర్చాయి.

పుస్తకంలో ఉన్న మాటకు తెలుగు వెతికితే "మంత్రగాడు" అని వస్తుంది. ఆ మాటను హెప్సిబా బల్ల దగ్గర అననిచ్చేది కాదు. అక్కడి ఊళ్లలో ఒక మనిషిని ఆ మాట అన్నారంటే తరువాత ఏమవుతుందో భవ్యశ్రీ డ్యూటీలో కళ్లారా చూసి వచ్చింది. అందుకని వాళ్లు "విద్దెగాడు" అనుకున్నారు. హెప్సిబా తల్లి ఎలీసబెతుకు అదీ నచ్చలేదు. "చర్చికెళ్లి వచ్చి గీ విద్దెల ముచ్చటేందే" అని గొణిగేది. గొణుగుతూనే పల్లీలు వేయించి డబ్బాలో పెట్టి పంపేది.

తేడా ఎప్పుడు వచ్చిందో ఎవరూ సరిగ్గా గమనించలేదు. ఆటలో మనుషులు మెట్టు మెట్టుగా ఎదుగుతారు. బాలవ్వ ఒక మెట్టు ఎక్కితే ఆమె దెబ్బ కొంచెం గట్టిపడుతుంది, అంతే. నీలకంఠం ఒక మెట్టు ఎక్కితే అతని ముందు ఒక కొత్త తలుపు తెరుచుకుంటుంది. గాలిలో నడవడం, గోడ లేపడం, గుంపు గుంపునే నిద్రపుచ్చడం. కొట్టడం తెలిసినవాడు కొట్టగలిగిన చోటే పనికివస్తాడు. విద్య తెలిసినవాడికి పనికిరాని చోటే ఉండదు. తాళం కూడా విద్యతోనే తెరుచుకునేసరికి హనుమండ్లుకూ పని లేకుండా పోయింది.

"ముందొచ్చిన చెవుల కన్న ఎనుకొచ్చిన కొమ్ములు వాడి అంటరు చూడు, గట్లున్నది మన సాయి ముచ్చట" అనేవాడు ప్రణయ్, బజ్జీ కొరుకుతూ. అతనికి అది పెద్ద బాధ కాదు. భవ్యశ్రీకి బాధే. కానీ ఆమె నోరు విప్పి చెప్పే మనిషి కాదు. వంతెన కూలాక రెండు ఆదివారాలు ఫోన్ చూసుకుంటూ కూర్చుంది. మూడోసారి ఆలస్యంగా వచ్చి, "నేను లేకున్నా నడిచింది గద" అంది.

హెప్సిబా మొదట శత్రువుల మెడలో తాయెత్తులు కట్టింది. విద్యలు తగలని తాయెత్తులు. సాయిచంద్ తెలివైనవాడు, వెంటనే పట్టేశాడు. "ఏందక్కా, గీ అడవిల ప్రతి దొంగకు తాయెత్తేనా? పంచిపెట్టిన్రా ఏంది?" అన్నాడు. అందరూ నవ్వారు గానీ తాయెత్తులు ఆ రోజుతో సరి. తరువాత బాలవ్వకు ఒక గుట్ట గుహలో మెరిసే కత్తి దొరికేలా చేసింది. ఊపితే మంటలు వస్తాయి, విసిరితే తిరిగి చేతికి వస్తుంది. భవ్యశ్రీ ఆ వివరాలన్నీ విని, "ఇది గూడ విద్దెనే గదక్కా" అంది. "సాయి చేసేదే ఇంత కత్తిల వెట్టి నాకిచ్చినవ్. నాకొద్దు, నా పాత కత్తే మంచిగున్నది." ఆ మెరిసే కత్తి హనుమండ్లు సంచిలోకి పోయింది. ప్రణయ్ దాన్ని ఎప్పుడూ వాడలేదు.

ఇక మిగిలింది విద్యనే తగ్గించడం. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. హెప్సిబా చాలా రోజులు దాటవేసింది. చివరికి ఒక నియమం అనుకుంది. విద్య ఊరికే రాదు, చేసినవాడి ఒంట్లోంచి వస్తుంది. చిన్న విద్యకు అలసట, పెద్ద విద్యకు ఆయుష్షు. పోయిన ఆయుష్షు తిరిగిరాదు. వినడానికి న్యాయంగానే ఉంది. బల్ల దగ్గర అందరి ముందూ చెబితే బాగుండదని, పనిరోజు మధ్యాహ్నం భోజనం వేళ సాయిచంద్ చదువుకునే లైబ్రరీకి పోయింది.

అతను బయట చెట్టు కింద టిఫిన్ డబ్బా విప్పుకుని ఉన్నాడు. హెప్సిబాను చూసి లేచి నిలబడి, అరుగు మీద రుమాలు వేసి కూర్చోమన్నాడు. ఆమె చెప్పిందంతా చెయ్యి కడగకుండా విన్నాడు. చేతికి అంటిన మెతుకులు ఎండిపోయాయి.

"అక్కా, మొదట్ల నేను ఎట్లుంటినో యాదికున్నదా?" అన్నాడు.

"ఉన్నది సాయి."

"ఒక్క దెబ్బకు పడిపోతుంటి. మీరందరు కొట్లాడుతుంటే నేను దీపం పట్టుకొని నిలబడ్తుంటి. ఒక్కనాడన్న అడిగిన్నా, నన్ను జర గట్టిగ చెయ్యుమని? ఓపిక పట్టిన. పుస్తకంల ఏమున్నది? ముందు తక్కువ, ఎనుక ఎక్కువ. గది నమ్ముకొని గిన్ని దినాలు నిలబడ్డ. గిప్పుడు నా వంతు వచ్చింది. వచ్చినంక రూల్ మారుస్తనంటున్నవ్."

"నీ మీద కోపంతోని కాదురా. భవ్యకు ఆట లేకుంట అయితుంది."

"నాకెరికనే." డబ్బా మూత పెట్టాడు. ఎదురుగా గేటు దగ్గర, కోచింగ్ సెంటర్ల పోస్టర్లు వానకు తడిసి వేలాడుతున్నాయి. "రాసిన పరీక్ష రద్దన్నరు. మళ్ల చదివిన. చదివినంక తారీకు జరిపిండ్రు. మా బాపు ఫోన్ చేసి 'ఇంకెంత కాలం బిడ్డా' అంటడు. 'ఇంకొక్కసారి' అంట. ఆదివారం ఒక్కనాడే అక్కా, నేను ఏదన్న అంటె అది అయితది. ఇగ నువ్వు గూడ మారుస్తనంటే మార్చు. నేనేమంట?"

హెప్సిబా లేచి చెప్పులు తొడుక్కుంది. భవ్యశ్రీ అన్న బందోబస్తు మాట ఎంత నిజమో ఇదీ అంతే నిజం. షాపుకు తిరిగి నడుస్తున్నప్పుడు వద్దులే, ఉన్నది ఉన్నట్టే ఉండనీ అనుకుంది. ఆ సాయంత్రమే భవ్యశ్రీ ఫోన్ చేసింది. "ఈ ఆదివారం డ్యూటీ లేదక్కా, అయినా రాను. మా అమ్మతోని చుట్టాలింటికి పోత" అంది. డ్యూటీ లేని ఆదివారాన్ని భవ్యశ్రీ వదులుకోవడం అదే మొదటిసారి. ఆ మనిషి పోతే ఇక రాదని హెప్సిబాకు భయం పట్టుకుంది. "రావే, కొత్త రూల్ తెస్తున్న, ఈసారి నీ పని ఉంటది" అని నోరుజారింది. అన్నాక వెనక్కి తీసుకోలేకపోయింది.

ఆ ఆదివారం పొద్దున్నుంచే ముసురు. చర్చి నుంచి వచ్చేసరికే హెప్సిబా చీర అంచు తడిసి ముద్దయింది. మధ్యాహ్నానికి ఆకాశం మూసుకుపోయి కరెంటు పోయింది. షట్టరు కింది నుంచి వచ్చే బూడిదరంగు వెలుతురు చాలక, ప్రణయ్ ఫోన్ లైటును నీళ్ల సీసా వెనక నిలబెట్టాడు. భవ్యశ్రీ ఖాకీ రెయిన్‌కోటు మెషీన్ మీద ఆరేసి వచ్చి కూర్చుంది. ఆమె ముఖంలో చాలా రోజులకు ఉత్సాహం కనిపించింది. హెప్సిబా నియమం చదివి వినిపించింది. సాయిచంద్ నీలకంఠం వయసు ఎంతో అడిగి తెలుసుకుని, కాగితం మూలన వేసుకున్నాడు.

ఆ రోజు కథ మూసేసిన ఒక బొగ్గు గనిలో. గనిలో చిక్కుకున్న ఊరి జనాన్ని వెతికి బయటికి తేవాలి. లోపల కళ్లులేని మృగాలు ఉన్నాయి. మామూలుగా అయితే నీలకంఠం ఒక్క విద్యతో సొరంగమంతా వెలుగు నింపేవాడు. ఆ రోజు కాగడా పట్టుకుని నడిచాడు. హనుమండ్లు తాళాలు తెరిచాడు, ప్రణయ్ కూడా బజ్జీలు మరిచిపోయి ఆడాడు. బాలవ్వ ముందు నడిచింది. ఇరుకు సొరంగాల్లో మృగాల్ని ఒక్కొక్కటిగా ఎదుర్కొంది. పాచికలు దొర్లిన చప్పుడు విని హెప్సిబాకు ప్రాణం లేచివచ్చింది. తాను చేసింది మంచి పనే అనుకుంది.

జనం దొరికారు. వాళ్లను వెంటబెట్టుకుని గని నోటి వైపు వస్తుండగా వెనక నుంచి మృగాల మంద తరుముకొచ్చింది. పిల్లలూ ముసలివాళ్లూ ఉన్నారు, పరుగెత్తలేరు. భవ్యశ్రీ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"మీరు పోండ్రి. బాలవ్వ ఈడ ఆగుతది. ఇరుకు జాగ కదా, ఒక్కొక్కటే రావాలె."

నిలబడింది. మొదటి మృగాన్ని పడగొట్టింది, రెండోదాన్ని పడగొట్టింది. ఆ తరువాత దెబ్బలు తగలడం మొదలైంది. జనమంతా బయటపడ్డారు. హనుమండ్లు బయటపడ్డాడు. నీలకంఠం గని నోటి దగ్గర ఉన్నాడు. అక్కడి నుంచి అతను గోడ లేపగలడు. బాలవ్వకూ మృగాలకూ నడుమ రాతిగోడ లేస్తే ఆమె నడిచి బయటికి వచ్చేస్తుంది. కొత్త నియమం ప్రకారం దానికి పదేళ్ల ఆయుష్షు పోతుంది.

"సాయి, నీ వంతు. నీలకంఠం ఏం చేస్తుండు?" అంది హెప్సిబా, పుస్తకంలో గోడ విద్య ఉన్న పేజీ తిప్పుతూ. అతను అదే చెబుతాడని ఆమె నమ్మకం.

సాయిచంద్ కాగితం వైపు చూశాడు. భవ్యశ్రీ వైపు చూశాడు. భవ్యశ్రీ పాచికలను అరచేతిలో దొర్లిస్తూ బల్ల మీద గీసిన సొరంగాన్నే చూస్తోంది.

"బయటికి పోతుండు" అన్నాడు.

భవ్యశ్రీ ఒక్కసారి తలెత్తింది. మళ్లీ దించుకుంది. తన వంతు రాగానే పాచిక వేసింది, ఇంకో మృగం పడింది. ఆ తరువాత వేసింది మంచిగా పడలేదు. హెప్సిబా మృగాల తరఫున పాచికలు వేయవలసి వచ్చింది. తక్కువ పడాలని దేవుణ్ని తలుచుకుంటూ వేసింది. పడలేదు.

"అయిపోయినట్టేనా?" అంది భవ్యశ్రీ.

హెప్సిబా తలూపింది.

"మంచిగనే సచ్చింది" అంది భవ్యశ్రీ. గొంతులో ఏ తేడా లేదు.

ఆగలేకపోయింది ప్రణయే. "ఒరే సాయి, గోడ లేపితే అయిపోతుండె గదరా!"

"లేపితే నాకు పదేండ్లు పోతయి. రూల్ నేను వెట్టిన్నా?"

"అది కాగితం మీది ఆయుష్షురా!"

"బాలవ్వ గూడ కాగితం మీదిదే గదన్నా."

సాయిచంద్ తన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఏదో గెలిచినవాడి ముఖం కాదది. హెప్సిబా ఏదైనా అనాలనుకుంది. జరిగింది జరగలేదనుకుందాం, మళ్లీ వేద్దాం అనాలనుకుంది. కథ నడిపేది ఆమే, ఆమె అంటే అయ్యేది. కానీ తాను పెట్టిన నియమాన్ని తానే మొదటిరోజే తీసేస్తే ఇక ఆటలో ఏం మిగులుతుందని ఆలోచిస్తూ కూర్చుంది. ఈలోగా భవ్యశ్రీ లేచి రెయిన్‌కోటు తొడుక్కుంది.

"రూల్ ప్రకారమే ఆడిండు. తప్పేమున్నది?" అంది. సాయిచంద్ భుజం మీద చెయ్యి వేసి, "ఫికర్ చెయ్యకు తమ్మీ" అని, షట్టరు కింది నుంచి వంగి బయటికి వెళ్లింది. స్కూటీ రెండుసార్లు మొరాయించి మూడోసారి స్టార్టయింది.

మరుసటి ఆదివారం ఆమె రాలేదు. హెప్సిబా ఫోన్ చేసి, "కొత్త మనిషిని తయారు చేసుకో, ఏ మెట్టు మీద కావాలంటే ఆ మెట్టు మీద పెడ్త" అంది. "చేస్త అక్కా" అంది భవ్యశ్రీ. చేయలేదు. వినాయక నిమజ్జనానికి భైంసా బందోబస్తుకు వేశారు. అటు నుంచి అటే ఇంకో డ్యూటీ. ఫోన్ చేస్తే మాట్లాడేది, మంచిగానే మాట్లాడేది, ఎలీసబెతు మోకాళ్ల నొప్పి గురించి అడిగేది. ఆట మాట మాత్రం రానిచ్చేది కాదు.

సాయిచంద్ వచ్చాడు. ముగ్గురే ఆడారు. హెప్సిబా కొత్త నియమం తీసేస్తానంది. అతను వద్దన్నాడు. "ఉండనీ అక్కా. ఇగ తీసేస్తే ఆమె ఉత్తగనే సచ్చినట్టయితది" అన్నాడు. చెప్పిన చోటికి పోయాడు, చెప్పిన తలుపు తెరిచాడు. ఏ చప్పుడైనా అరవలేదు. ఆ తరువాతి వారం అతనూ రాలేదు. ప్రణయ్ ఒక్కడే బజ్జీల పొట్లంతో వచ్చాడు. ఇద్దరూ కూర్చుని తిన్నారు. అతను కూతురికి జ్వరం తగ్గడం లేదని చెప్పాడు, ఆమె ఏదో హాస్పిటల్ పేరు చెప్పింది. బల్ల మీద ఏమీ పరచలేదు.

బతుకమ్మ దగ్గర పడుతుండగా ఒక ఫంక్షన్‌హాల్ వాళ్ల స్వాగత తోరణానికి కొలతలు తీసుకోవడానికి హెప్సిబా సిరిసిల్ల వెళ్లవలసి వచ్చింది. పని అయ్యాక సాయిచంద్‌కు ఫోన్ చేసింది. ఆ నంబరు పనిచేయలేదు. వాళ్లది బి.వై. నగర్ అని ఎప్పుడో విన్న గుర్తు. అడుగుతూ పోయింది. గల్లీ గల్లీకీ సాంచెల, అంటే మరమగ్గాల మోత, ఒక ఇంటి మోత ఇంకో ఇంట్లోకి చొరబడి ఏది ఎవరిదో తెలియదు. ఒక రేకుల షెడ్డు ముందు ముసలామె నూలు కండెలు చుడుతూ కూర్చుని ఉంది. పేరు చెప్పగానే లోపలికి చూసి చెయ్యి ఊపింది.

సాయిచంద్ తల నిండా దూది పొట్టుతో బయటికి వచ్చాడు. ఆమెను చూసి మొదట నవ్వాడు. ఆ తరువాత చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ, ఏం చేయాలో తెలియనివాడిలా నిలబడ్డాడు. మోతకు దూరంగా మూలమలుపు చాయ్ డబ్బా దగ్గరికి నడిచారు.

"రూము ఖాళీ చేసి వచ్చేసిన అక్కా. బాపుకు చాతనైతలేదు, సాంచెలు చూసుకునేటోళ్లు లేరు. పండుగకు చీరెల పని మస్తున్నది."

"పరీక్ష?"

"చూద్దాం." ఆ మాట అన్న తీరులోనే అది ముగిసిందని తెలిసిపోయింది.

చాయ్ వచ్చింది. హెప్సిబా ఉండబట్టలేక అడిగింది. "సాయి, ఆనాడు గోడ ఎందుకు లేపలే? నా మీద కోపంతోనేనా?"

అతను గ్లాసు కింద పెట్టాడు. "కొంచెం గదీ ఉన్నది. అబద్ధం ఎందుకు చెప్పాలె? కానీ గోడ మాట నోటి దాంక వచ్చిందక్కా. ఆమె ఒక్కసారి అంటే అయిపోతుండె. 'సాయి' అని పిలిస్తే చాలు. నేను ఎన్నిసార్లు పిలిచిన ఆమెను? చిన్న చప్పుడైతే పిలుస్తుంటి. ఆమె నన్ను ఒక్కనాడు పిలువలే. అంత పెద్ద విద్దెలొచ్చినంక గూడ పిలువలే. నేను జెయ్యంగ చూసి ఊకునేది. ఆనాడన్న పిలుస్తదని చూసిన. తల వంచుకొనే ఉన్నది."

"నువ్వే చేయకపోయినవా మరి, పిలవకున్నా?"

"అంతకుముందు పిలవకుంటనే చేసిన గదక్కా. వంతెన కాడ చేసిన. గదే తప్పని గద మీరంత అన్నది?"

సాంచెల మోతలో ఎవరో అతన్ని కేకేశారు. దారం తెగినట్టుంది. అతను లేచాడు. కొత్త నంబరు ఆమె ఫోన్‌లో ఎక్కించి, చాయ్ పైసలు ఆమెను ఇవ్వనీయకుండా తానే ఇచ్చి, "ప్రణయన్నను అడిగిన్నని చెప్పు" అంటూ మోతలోకి పరుగెత్తాడు.

తిరుగు బస్సులో హెప్సిబాకు కిటికీ పక్క సీటు దొరికింది. పత్తి చేలు ఎర్రబడి వానకు పాడైపోయి ఉన్నాయి. వేములవాడ దాటాక భవ్యశ్రీకి ఫోన్ చేసింది. అవతల హారన్లు, విజిళ్లు, ఎవరో మైకులో "పక్కకు జరగండి" అంటున్నారు. సాయిచంద్ అన్నది అన్నట్టు చెప్పింది.

భవ్యశ్రీ గుంపులోంచి పక్కకు నడిచినట్టుంది, హారన్లు కొంచెం తగ్గాయి.

"నాకు తోచనే లేదక్కా" అంది. "పిలవాలన్న సోయి గూడ రాలే. మనం నిలబడ్డంక ఎవలన్న వస్తరని ఎన్నడు అనుకున్నం? డ్యూటీల గూడ అంతే గద." మళ్లీ విజిల్ వినిపించింది. "పిలగాడు సాంచెల కాడున్నడా? అయ్యో. నంబరు పంపు."

హెప్సిబా నంబరు పంపింది. వాళ్లిద్దరూ మాట్లాడుకున్నారో లేదో ఆమెకు తెలియదు. ఒకటి రెండుసార్లు అడుగుదామనుకుని, అడిగితే ఏ జవాబు వస్తుందోనని ఊరుకుంది. దీపావళి అయ్యాక ఓనరు బల్ల తీయించేసి ఆ జాగాలో రెండో మెషీన్ పెట్టించాడు. ఎన్నికలు వస్తున్నాయి, ఆదివారాలు కూడా పని ఉంటుందన్నాడు. హెప్సిబా సరేనంది. ఇప్పుడు పొద్దున చర్చికి పోయి, అటు నుంచి అటే షాపుకు వచ్చి, మెషీన్ల వాసనలో సాయంత్రం దాకా ఎవరెవరి ముఖాలో కత్తిరించుకుంటూ కూర్చుంటుంది.